అరవై రెండు గుహలు, రెండు ఫ్రేమ్‌వర్కులు

ఒక పెద్ద అడవిలో, అంటే సొంతంగా కంప్యూటర్ విభాగం పెట్టుకునేంత పెద్ద అడవిలో, ప్రతి వానాకాలం ఒకే గొడవ జరిగేది.

ఏరు పొంగగానే పల్లంలోని జంతువులన్నీ ఎర్రకొండ మీది గుహలకు చేరాలి. గుహలు అరవై రెండు. కొండ మొదట్లో ఎలుగుబంటి కాపలా ఉండేది. వచ్చినవాళ్ళని "ఎంతమంది?" అని అడిగి, తనకు తోచిన గుహ చూపించేది. కిందటేడు అడవికోళ్ళ పక్క గుహలో నక్కల కుటుంబాన్ని పెట్టింది. ఆ ఏర్పాటు నక్కలకు మాత్రమే నచ్చింది.

కుందేలుకి అసలు గుహే దొరకలేదు. పిల్లల్ని ఒక్కొక్కర్నీ బొరియలోంచి బయటికి లాగి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఇరవై రోజులు ఒక బండ చాటున తడుస్తూ కూర్చుంది. ఈ ఏడు దానికి ఏడుగురు పిల్లలు. అందుకని మామిడి పూత వస్తుండగానే వెళ్ళి సింహం ముందు నిలబడింది.

"మహారాజా, ఈసారి నా గుహ ఏదో ముందే చెప్పించండి. వాన మొదలవగానే తిన్నగా అక్కడికే పోతాను."

కోరిక న్యాయంగానే ఉంది. పైగా పక్క అడవిలో అన్నీ కంప్యూటర్లోనే జరుగుతున్నాయని సింహం విని ఉంది. "పేరు కొట్టగానే గుహ నెంబరు కనిపించాలి. ముంగిసని పిలవండి," అంది.

ముంగిస పదిహేనేళ్ళుగా జావాలో ప్రోగ్రాములు రాస్తోంది. విషయమంతా విని, "రెండు వారాలు చాలు మహారాజా," అంది.

అదే పొరపాటు. రెండు వారాల్లో అయిపోయే పనిని ఏ ఆఫీసులోనూ ఎవరూ నమ్మరు.

"ఏ ఫ్రేమ్‌వర్క్‌లో రాస్తారు?" అని అడిగింది పక్కనే ఉన్న నక్క.

ఈ నక్క సలహాదారు. ఇంతకుముందు మూడు అడవులకు సలహాలిచ్చింది. ఆ అడవులు ఏం బాగుపడ్డాయో తెలియదుగాని, నక్క మాత్రం మూడు వానాకాలాలూ తడవకుండా గడిపింది.

"ఫ్రేమ్‌వర్క్ అంటే?" అంది సింహం.

"పందిరికి ముందే పాతిన గుంజలు, అడ్డకర్రలు అనుకోండి మహారాజా. పైన ఆకు కప్పుకుంటే మన పని అయిపోతుంది. కాని గుంజలు సరైనవి ఎంచుకోకపోతే పదేళ్ళ తర్వాత పందిరి ఒరిగిపోవచ్చు."

"వానలు నాలుగు నెలల్లో వస్తున్నాయి," అంది ముంగిస. "ఏ గుంజలైనా నాకు ఫరవాలేదు. ఉన్నవి అరవై రెండు గుహలే కదా."

"చూశారా మహారాజా," అంది నక్క ఎంతో జాలిగా. "రాసేవాళ్ళకి దూరం కనపడదు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ ఉద్యోగం అలాంటిది."

వెంటనే ఫ్రేమ్‌వర్క్ ఎంపిక కమిటీ ఏర్పడింది. నక్క కన్వీనరు. ఏనుగు, కోతి సభ్యులు. కమిటీ కూర్చోవడానికి కొండ మీది ఒకటో నెంబరు గుహ ఇచ్చారు. అన్నిట్లోకీ అదే పెద్దది, పొడిగా ఉండేదీ అదే. ఎంపిక పూర్తయ్యేదాకా కమిటీ అక్కడే ఉండవచ్చునని ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు రాసింది నక్కే.

దానితోపాటు ఇంకో రూలు కూడా రాసింది. ఇకమీదట ముంగిస రాయబోయే కంప్యూటర్ అప్లికేషన్‌లో పేరూ గుహ నెంబరూ కనిపిస్తే తప్ప ఎలుగుబంటి ఎవర్నీ కొండ ఎక్కనివ్వకూడదు. ఎంత పెద్దవాళ్ళు వచ్చినా సరే. ఇలాంటి రూలు ఒకటి ఉంటేగాని అప్లికేషన్‌కి విలువ రాదనీ, అప్లికేషన్‌కి విలువ వస్తేగాని కమిటీకి రాదనీ నక్కకి తెలుసు.

మొదటి సమావేశంలో ఏనుగు మాట్లాడింది. ఏనుగు ఓటు ‘మహాస్తంభం’ అనే ఫ్రేమ్‌వర్క్‌కి.

"ఇరవై ఏళ్ళుగా పెద్ద పెద్ద అడవులన్నీ దీనిమీదే నడుస్తున్నాయి. మీకు రాబోయే ఇబ్బంది ఇంకెవరికో పదేళ్ళ కిందటే వచ్చి ఉంటుంది. జవాబు పుస్తకంలోనే ఉంటుంది."

"ఎన్నో పేజీలో సార్?" అంది కోతి.

"వెతుక్కోవాలి నాయనా. మొత్తం నాలుగు వేల పేజీలు."

"అది స్టార్ట్ చేసి, ఏటికెళ్ళి స్నానం చేసి రావచ్చు. వచ్చేసరికి ఇంకా స్టార్ట్ అవుతూనే ఉంటుంది," అంది కోతి. దాని మనసు ‘దూదిపింజ’ మీద ఉంది. దూదిపింజ కొత్త ఫ్రేమ్‌వర్క్. బహు తేలిక. రెప్పపాటులో లేచి నిలబడుతుంది. నెలకొకసారి మారుతుంది కూడా. పోయిన నెల రాసింది ఈ నెల పనిచెయ్యదు. కోతికి అదే నచ్చింది. "లక్షమంది ఒకేసారి అడిగినా తట్టుకుంటుంది," అంది.

కాఫీల దగ్గర నిలబడ్డ ముంగిస వెనక్కి తిరిగింది. "మన అడవిలో లక్షమంది ఎక్కడున్నారు? దోమలక్కూడా గుహలిస్తామా ఏమిటి?"

"రేపు అడిగితే?" అంది కోతి.

నక్క ఆ మాట రాసుకుంది. రెండు ఫ్రేమ్‌వర్కులనూ పోల్చడానికి అది నలభై ఎనిమిది వరసల పట్టిక తయారు చేసింది. వేగం ఎంత, బరువు ఎంత, భవిష్యత్తు ఎలా ఉంటుంది, పక్క అడవివాళ్ళు ఏమనుకుంటారు, ఒక్కోదానికి ఇన్నేసి మార్కులు. నెల తర్వాత కూడితే మహాస్తంభానికి డెబ్బై ఒకటి వచ్చాయి. దూదిపింజకీ డెబ్బై ఒకటే వచ్చాయి. నక్క వేసే పట్టికల్లో ఎప్పుడూ అలాగే వస్తాయి.

కుందేలు వారానికొకసారి వచ్చి ముంగిసని కదిలించేది.

"అక్కా, నా గుహ ఎంతదాకా వచ్చింది?"

"గుంజల దగ్గరుంది."

"అంటే పాతుతున్నారా?"

"ఏవి పాతాలో మాట్లాడుకుంటున్నారు."

"మాట్లాడుకోనీ. నువ్వు ఈలోగా ఓ గుంజ పాతెయ్యరాదూ?"

"ఉద్యోగం పోతుందే," అంది ముంగిస. కుందేలు పిల్లల్ని తోలుకుని వెళ్ళిపోయింది.

తాటిముంజల కాలానికి సింహానికి విసుగొచ్చింది. "ఇంతకీ ఏదో ఒకటి చెప్పండి," అంది.

నక్క ఆలోచించింది. మహాస్తంభం అంటే కోతి అలుగుతుంది. దూదిపింజ అంటే ఏనుగు నొచ్చుకుంటుంది. ఏ ఒక్కటి చెప్పినా ఎంపిక అయిపోయినట్టే. ఎంపిక అయిపోతే గుహ ఖాళీ చెయ్యాలి.

"రెండూ తీసుకుందాం మహారాజా. వాటిపైన మన సొంత పొర ఒకటి వేద్దాం. ప్రోగ్రాం ఆ పొరతోనే మాట్లాడుతుంది, కింద ఏముందో దానికి తెలియనక్కర్లేదు. ఇవాళ మహాస్తంభం పెట్టుకోవచ్చు, రేపు దూదిపింజకి మారిపోవచ్చు."

"రేపెందుకు మారడం?"

"అసలెప్పటికీ మారకపోవచ్చు మహారాజా. మారగలిగి ఉండటం ముఖ్యం."

ఏనుగుకి, కోతికి కూడా ఇది నచ్చింది. తమది ఓడిపోలేదు కనుక. ఆ పొరకి ‘సర్వసమ్మతం’ అని పేరు పెట్టారు. రాసే పని ముంగిస నెత్తిన పడింది.

ముంగిస రెండు నెలలు తల వంచుకుని రాసింది. మహాస్తంభం చెయ్యగలిగి, దూదిపింజ చెయ్యలేనివన్నీ తీసెయ్యాలి. దూదిపింజకి చేతనై, మహాస్తంభానికి చేతకానివీ తీసెయ్యాలి. అలా తీస్తూ తీస్తూ పోగా, ఏ తేడా లేకుండా రెండూ చెయ్యగలిగింది ఒక్కటే మిగిలింది. తెర మీద ‘స్వాగతం’ అని చూపించడం.

నేరేడు పళ్ళు రాలుతున్న రోజుల్లో ప్రదర్శన పెట్టారు. ఒక కంప్యూటర్లో సర్వసమ్మతం కింద మహాస్తంభం, ఇంకోదాంట్లో దూదిపింజ. రెండు తెరల మీదా ‘స్వాగతం’ వచ్చింది. అక్షరాలు కూడా ఒకే సైజు. ఏనుగు తొండం ఎత్తింది, కోతి చప్పట్లు కొట్టింది.

"బాగుంది. గుహలెక్కడ?" అంది సింహం.

"అవి రెండో దశలో మహారాజా," అంది నక్క.

బయట మొదటి చినుకు పడింది.

కమిటీకి సన్మానం అనుకున్నారు కాబట్టి సభ్యులు ముగ్గురూ కొండ దిగి, ఏటి అవతలి మైదానానికి వెళ్ళారు. ముంగిసని ఎవరూ పిలవలేదు. పూలదండలు, ప్రసంగాలు. నక్క మాట్లాడటం మొదలుపెట్టేసరికి వాన పెరిగింది. మధ్యలోకి వచ్చేసరికి ఏరు పొంగింది.

ఇవతల కొండ మొదట్లో జంతువులన్నీ వరసకట్టాయి. అందరికంటే ముందు కుందేలు, దాని పొట్ట కింద ఏడుగురు పిల్లలు.

"అప్లికేషన్‌లో పేరు చూపించు," అంది ఎలుగుబంటి.

"అప్లికేషన్ ఎక్కడుందన్నా? నేను పుట్టినప్పట్నుంచీ నన్ను ఎరుగుదువు."

"ఎరుగుదునమ్మా. రూలు మాత్రం నిన్ను ఎరగదు." ఎలుగుబంటి మొహం తిప్పుకుంది. కిందటేడు అడవికోళ్ళ విషయంలో తిన్న చివాట్లు దానికింకా గుర్తున్నాయి. "ఎవరు చెప్పినా వినొద్దని రాసిచ్చారు. నేనేం చెయ్యను?"

చివరి పిల్లకి నీళ్ళు మెడదాకా వచ్చాయి. కుందేలు దాన్ని నోట కరుచుకుని నిలబడింది.

ముంగిస అది చూసింది. సంచిలోంచి లాప్‌టాప్ తీసి, బండ చాటున కూర్చుంది. మహాస్తంభం లేదు, దూదిపింజ లేదు. ఉత్త జావా.

"అన్నా, నీకు కొండెక్కేవాళ్ళందరూ తెలుసు. ఎవరు ఎవర్ని తింటారో చెప్పు," అంది ఎలుగుబంటితో.

"అదెందుకు?"

"తినేవాళ్ళనీ తినబడేవాళ్ళనీ పక్కపక్కన పెట్టకూడదుగా."

ఎలుగుబంటి చెబుతూ పోయింది, ముంగిస కొడుతూ పోయింది. నాలుగు నెలల్లో కమిటీ అడగని ప్రశ్న అది. నలభై ఎనిమిది వరసల్లో దానికొక వరస లేదు.

గంట లోపలే అయిపోయింది. డెబ్బై లైన్లు. ముంగిస ‘కుందేలు, ఎనిమిదిమంది’ అని కొట్టింది. తెర మీద నెంబరు వచ్చింది. ఒకటి.

ఎలుగుబంటి తెరని చూసింది, జేబులోంచి రూలు కాగితం తీసి దాన్నీ చూసింది. "అప్లికేషన్‌లో పేరూ నెంబరూ కనిపించాలి. కనిపిస్తున్నాయి." మళ్ళీ చదివింది. "ఫ్రేమ్‌వర్క్ అనే మాట ఇందులో ఎక్కడా లేదు." పక్కకి జరిగింది.

కుందేలు పిల్లలతో పరుగెత్తింది. ఒకటో నెంబరు గుహలో పోలిక పట్టిక కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. వాటిని చింపి పరిస్తే మంచి మెత్తటి పక్క అయింది.

సాయంకాలం ఏనుగు వీపెక్కి ఏరు దాటుకుని కమిటీ వచ్చింది. నక్క మెడలో దండ తడిసి, పూలు రాలి, దారం మిగిలింది.

"పేరు?" అంది ఎలుగుబంటి.

"నేనయ్యా. కన్వీనరుని."

"ఆ పేరు ఇందులో లేదు. ఎంత పెద్దవాళ్ళయినా సరే అన్నది మీరే కదండీ."

నక్క ముంగిస వైపు తిరిగింది. "ముంగిసగారూ, నా పేరు కొట్టండి."

ముంగిస కొట్టింది. తెర మీద ‘కుదరదు’ అని వచ్చింది.

"అదేమిటి? గుహలు మూడు ఖాళీగా ఉన్నాయిగా!"

"ఉన్నాయండీ. ఒకదాని పక్కన అడవికోళ్ళు. ఒకదాని పక్కన కుందేళ్ళు. మూడోదాని పక్కన పావురాలు."

"నేను తిననని మాటిస్తున్నాను."

"మాట తీసుకోవాలంటే దానికొక పొర వెయ్యాలండీ. రెండు నెలలు పడుతుంది," అంది ముంగిస.

కోతికి ఒక చిన్న గుహ దొరికింది. ఏనుగు పట్టే గుహ ఒకటోదే, అది కుందేలుకి వెళ్ళిపోయింది. ఏనుగు మాత్రం వానని పట్టించుకోకుండా ఒక చోట స్థిరంగా నిలబడింది. నక్క చుట్టూ చూసి, దాని పొట్ట కిందికి దూరింది.

"సార్, మహాస్తంభానికి ఇంకో రెండు మార్కులు వెయ్యాల్సింది," అంది.

"ఆలస్యంగానైనా తెలుసుకున్నావు," అంది ఏనుగు. నక్క ఆ వానాకాలమంతా అక్కడే ఉంది. ఏనుగు ఎటు కదిలితే అటు కదిలింది.

వానలు వెలిశాక కుందేలు ఏడుగురు పిల్లలతోనూ దిగి వచ్చింది. ఆ ఏడు ఎవరూ ఎవర్నీ తినలేదు. అడవి చరిత్రలో అది మొదటిసారి అని సింహం సభలో ప్రకటించింది. అందుకు ఫ్రేమ్‌వర్క్ ఎంపిక కమిటీని మెచ్చుకుంది.

అదే రోజు ముంగిస చేతికి మెమో వచ్చింది. ఆమోదించిన ఫ్రేమ్‌వర్క్ లేకుండా అప్లికేషన్ ఎందుకు రాశారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. సంజాయిషీ పరిశీలించడానికి నక్క కన్వీనరుగా ఒక కమిటీ వేశారు. ఇప్పుడున్న ప్రోగ్రాంని ఏ ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చాలో కూడా అదే చూస్తుంది.

ఇందులో గ్రహించవలసిన నీతి: తప్పులు పూర్తయిన పనిలోనే దొరుకుతాయి కాబట్టి, జాగ్రత్త తెలిసినవాళ్ళు ఎంపిక దశ దాటి రారు.