కాలు కింద పెట్టని పటేలు

ఆ రోజు పొద్దున చంద్రమౌళి పటేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పరగడుపున ఆటోలో దవాఖానకు పోయి, షుగరు పరీక్షకు రక్తమిచ్చి, అరికాళ్ల నొప్పులకు మందు తెచ్చుకోవాలి. నడిచి పోగల దూరమే. కానీ నడిస్తే పుండవుతుందని, పుండయితే కాలు తీసేస్తారని ఆయన గట్టి నమ్మకం. నడవమని డాక్టరు కొనిపించిన మెత్తటి చెప్పులు ఏడాదైనా కొత్తగానే ఉన్నాయి.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. నర్మెట్ట నడిబొడ్డున రాస్తారోకో. దీక్షా శిబిరం ముందే ఆటో ఆగిపోయింది. దవాఖాన గేటు కనిపిస్తూనే ఉంది.

"గంతే దూరం. జర నడువుండ్రి," అంది భార్య కమలాదేవి.

"కాలు పోతే నువ్విస్తవా?"

ఆమె నెత్తి కొట్టుకుని చక్రాల కుర్చీ కోసం దవాఖానకు పోయింది. ఆటో నడిపే బీక్యా రెక్క పట్టుకుని పటేలును శిబిరంలోని ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టాడు.

రిలే దీక్షలో రోజుకొక వర్గం వంతు. ఆ రోజు పెద్ద రైతులది. పెద్ద రైతులెవరూ అటు తొంగి చూడలేదు. దండ పట్టుకుని దిక్కులు చూస్తున్న శిబిరం పెద్ద ఆగయ్యకు పటేలును చూడగానే ప్రాణం లేచొచ్చింది. దండ పటేలు మెడలో పడింది.

"దీక్షకు రాలేదు ఆగయ్యా! నాకు కాళ్ల నొప్పులు."

ఆగయ్య మైకు అందుకున్నాడు. "కాళ్ల నొప్పులున్నా పటేలు కూసున్నడు!"

"నాకు షుగరు. రాత్రి నుంచి ఏం తినలే..."

"షుగరున్నా రాత్రి నుంచే ఉపాసం! గిది రిలే దీక్ష గాదు, ఆమరణ దీక్ష!"

ఈలలు మోగాయి. పటేలుకు చెమటలు పట్టాయి. ఇలాంటి వాళ్ల చేతికి మైకులిచ్చే వాళ్లను అనాలి. లేద్దామంటే కాలి భయం, కూర్చుందామంటే ప్రాణభయం.

అంతలో జీపు దిగిన ఎస్సై, "పెద్దాయనకు బాగలేనట్టుంది, దవాఖానకు తీసుకపోతం," అన్నాడు.

పటేలు చంటిపిల్లాడిలా చేతులు చాపాడు. "తీసుకపో బిడ్డా!"

"అరెస్టుకు గూడ భయపడుతలేడు!" అని మైకు అరిచింది. "పటేలును ముట్టనియ్యం!" అంటూ జనం చుట్టూ వలయం కట్టారు. పోలీసులకూ జనానికీ తోపులాట మొదలైంది. పటేలుకు కళ్లు తిరిగాయి. ఇక్కడే ఉంటే రెండు కాళ్లూ భద్రంగా ఉండగానే తను పోవడం ఖాయమని అర్థమైంది. కొట్లాటలో ఆయన్ను చూసేవాడే లేడు. లేచి, డేరా వెనక నుంచి దవాఖానకు నడిచాడు.

చక్రాల కుర్చీ తోసుకొస్తున్న కమలాదేవి గేటు దగ్గర ఆయన్ను చూసి నిలబడిపోయింది. సంతోషంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

డాక్టరు రక్తం తీసి, ఇడ్లీ తినిపించి, అరికాళ్లు పరీక్షించాడు. "పుండు లేదు, పొక్కు లేదు. నొప్పి ఎట్లుంది?"

"నొప్పున్నది సార్." పటేలు వంగి మరీ చూసుకున్నాడు. "కాళ్లు గూడ ఉన్నయి."

బయట మైకు మళ్లీ మోగింది. "పటేలును పోలీసులు మాయం చేసిన్రు! గీ అక్రమ అరెస్టుకు నిరసనగా గిప్పట్నుంచే బంద్! ఒక్క ఆటో తిరగొద్దు!"

చేసేదేమీ లేక, అరెస్టయిన చంద్రమౌళి పటేలు ఇంటిదాకా నడిచే వెళ్లాడు.