మిరప తొడిమలు, వ్యక్తిత్వ వికాసం

మా నియోజకవర్గంలోని కాలేజీ విద్యార్థులందరినీ పదిహేను రోజుల్లో అభివృద్ధి చేసేస్తామని మంత్రి గారు ప్రకటించారు. 2001 ఫిబ్రవరిలో, మా డిగ్రీ కాలేజీ ఆడిటోరియంలో, నా కళ్ల ముందే ప్రకటించారు. నేనా కాలేజీలో లైబ్రేరియన్ని. మనిషి అభివృద్ధి అన్నది పుస్తకాలు చదువుతూ, ఏళ్ల తరబడి నెమ్మదిగా జరిగే వ్యవహారమని అప్పటిదాకా అపోహలో ఉన్నవాణ్ణి.

“పథకం పేరు విద్యార్థి వికాసం, గ్రామ ప్రకాశం,” అన్నారు మంత్రి గారు. “విద్యార్థి ఊరికి సేవ చెయ్యాలి. సేవ చేస్తే విద్యార్థికి లీడర్‌షిప్ వస్తుంది, ఊరికి వెలుగు వస్తుంది. మరి ఇందులో ప్రభుత్వం పాత్ర ఏమిటని మీరు అడగొచ్చు. ప్రభుత్వం అడ్డు రాదు. స్థానిక భాగస్వామ్యంతో మీరే చేసుకోవాలి.”

ప్రభుత్వం అడ్డు రానందుకు అందరం చప్పట్లు కొట్టాం.

స్థానిక భాగస్వామి కోసం ఎక్కువసేపు వెతకాల్సిన పని లేకపోయింది. ముందు వరసలో కూర్చున్న జయరావు గారు లేచి నిలబడ్డారు. ఆయనకు గుడ్లపాడులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉంది. మంత్రి గారి ఎన్నికల సభలకు ఆయనే షామియానాలు వేయిస్తారు. గుడ్లపాడు అభివృద్ధి బాధ్యత తనకు వదిలెయ్యమని ఆయన కోరారు. మంత్రి గారు వెంటనే వదిలేశారు. మా ప్రిన్సిపాల్ శేషాచలం గారు ఒప్పందం మీద అక్కడికక్కడే సంతకం చేశారు. ఏముందో చదవలేదు. పెద్దల మీద నమ్మకం ఉన్నవాళ్లు చదవరు.

క్యాంపుకు ఎనభై మంది విద్యార్థులు పేర్లిచ్చారు. వాళ్లకు తెల్ల టీషర్టులు, ఆకుపచ్చ టోపీలు ఇచ్చారు. లైబ్రరీకి ఎవరూ రావడం లేదు కాబట్టి పెద్దదిక్కుగా నన్ను కూడా పంపారు.

మొదటి రోజు సర్వే. రచన అని బీఎస్సీ రెండో సంవత్సరం అమ్మాయి ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చింది. ఊళ్లో ఒకే ఒక్క చేతిబోరింగు ఉంది. అది దసరా నుంచి పనిచేయడం లేదు. ఆడవాళ్లు కాలవ దాకా వెళ్లి బిందెలు మోసుకొస్తున్నారు. ఇదీ ఆ అమ్మాయి రాసింది.

శేషాచలం గారు కాగితం చూసి నొచ్చుకున్నారు.

“నిన్ను సేవ చెయ్యమన్నాం గానీ, సమస్యలు తెమ్మన్నామా అమ్మా?”

“ఏం సేవ కావాలని అడిగితే వాళ్లు ఇదే చెప్పారు సార్.”

“వాళ్లకేం తెలుసు? స్థానిక భాగస్వామిని అడగాలి.”

స్థానిక భాగస్వామిని అడిగాం. జయరావు గారు కాసేపు కళ్లు మూసుకుని ఊరి గురించి ఆలోచించారు.

“మా ఊరికి ఉన్న అసలు సమస్య ఏందంటే మాస్టారూ,” అన్నారు, “మిరపకాయకి తొడిమ ఉండటమండి.”

తొడిమ తీసిన కాయనే విదేశీ కంపెనీ తీసుకుంటుందట. నెలాఖరుకు సరుకు మద్రాసు హార్బరులో ఉండాలట. అంచేత మా విద్యార్థులు మర్నాటి నుంచి ఆయన షెడ్డులో కూర్చుని తొడిమలు తీస్తారు. దానివల్ల ఊరు ఎగుమతి చేస్తుంది. దేశానికి డాలర్లొస్తాయి. విద్యార్థికి సహనం వస్తుంది. శేషాచలం గారు దీన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

అప్పటిదాకా ఆ షెడ్డులో తొడిమలు తీస్తున్నది ఊళ్లోని నలభై మంది ఆడవాళ్లు. వాళ్ల ముఠాకు పెద్ద కనకలక్ష్మి. యాభై ఏళ్ల మనిషి. మర్నాడు పొద్దున్నే ఆడవాళ్లంతా క్యారేజీలతో వచ్చి, తమ చోట్లలో టోపీలు పెట్టుకున్న పిల్లలు కూర్చుని ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఏందండీ ఇది జయరావు గారూ?” అంది కనకలక్ష్మి. “మా పని వీళ్లకిచ్చారా?”

“పని కాదే, సేవ. వీళ్లు చదువుకున్న పిల్లలు. మీకు సేవ చెయ్యటానికి వచ్చారు. పదిహేను రోజులు ఇంటికాడ విశ్రాంతి తీసుకోండి.”

“విశ్రాంతి మేం అడగలేదే.”

“అడక్కుండా చేసేదాన్నే సేవ అంటారు.”

సీజనులో దొరికే ఈ రెండు నెలల కూలితోనే వాళ్లకు వానాకాలం గడవాలి. ఆ ఏడు పత్తి కూడా పోయింది, కాబట్టి ఏరడానికి పొలాల్లో దూది లేదు. నలభై మందీ క్యారేజీలు పట్టుకుని వెనక్కి వెళ్లిపోయారు. రచన లేచి వాళ్ల వెనకాల గేటు దాకా వెళ్లి, వాళ్లు మలుపు తిరిగాక తిరిగొచ్చి కూర్చుంది.

విద్యార్థి వికాసం తొమ్మిదిన్నరకు మొదలైంది. పది గంటలకు తుమ్ములు మొదలయ్యాయి. పదకొండింటికి ఒక కుర్రాడు మర్చిపోయి కళ్లు నలుపుకున్నాడు. వాణ్ణి ఇద్దరు పట్టుకుని, క్యాంపు కోసం తెప్పించిన నీళ్ల ట్యాంకరు కొళాయి దగ్గరకు తీసుకెళ్లారు. తీసుకెళ్లిన ఇద్దరూ వాడి మొహం కడిగి, ఆ చేతులతోనే తమ మొహాలు తుడుచుకున్నారు. మధ్యాహ్నానికి షెడ్డులో కంటే కొళాయి దగ్గర ఎక్కువమంది ఉన్నారు. సాయంత్రానికి ఎనభై మంది కలిసి తీసింది రెండు బస్తాలు. కనకలక్ష్మి ముఠా అయితే భోజనాల వేళకే అంతకు పదింతలు తీసేది.

మూడో రోజుకు పాతిక మంది మిగిలారు. నాలుగో రోజున చేతులకు కొబ్బరినూనె రాసుకుని రచన ఒక్కతే వచ్చింది.

హార్బరు తేదీ తలుచుకుని జయరావు గారు కనకలక్ష్మి ఇంటికి కబురు పెట్టారు. ఆవిడ రాలేదు. ఆయనే వెళ్లారు. వెంట నేనూ, రచనా వెళ్లాం. వాకిట్లో ముఠా అంతా కూర్చుని ఉంది.

“రేపటినుంచి పనిలోకి రండి,” అన్నారు జయరావు గారు.

“పదిహేను రోజులు విశ్రాంతన్నారుగా. ఇంకా పదకొండు ఉన్నాయి.”

“ఎగతాళా? పిల్లల వల్ల కావటం లేదు.”

“మా వల్ల కావాలంటే బోరింగు బాగవ్వాలండి,” అంది కనకలక్ష్మి. “పొద్దస్తమానం మిరపకాయల్లో చేతులు పెట్టి, ఇంటికొచ్చి కడుక్కోటానికి నీళ్లుండవు. ఆ మంట చేతుల్తో పిల్లల్ని ముట్టుకోలేకపోతన్నాం. ముందు బోరింగు. తర్వాతే తొడిమ.”

“పంచాయతీలో చెబుతాలే. మంత్రి గారొచ్చి వెళ్లాక...”

“ముందు బోరింగండి.”

గొంతు పెంచలేదు. జయరావు గారు ముఠా వంక చూశారు. ఎవరూ కదల్లేదు. ఆయన స్కూటర్ ఎక్కి వెళ్లి, పక్కూరి నుంచి మెకానిక్ బుడేని వెనక ఎక్కించుకుని వచ్చారు. లోపల వాషరు ఒకటి అరిగింది. బుడే దాన్ని మార్చడానికి గంటన్నర పట్టింది. దసరా నుంచి కాని పని గంటన్నరలో అయింది. దీన్నే స్థానిక భాగస్వామ్యం అంటారని నాకప్పుడు అర్థమైంది. రచన తనే పంపు కొట్టి మొదటి బిందె నింపింది. ఆ అమ్మాయి మొహంలో ఏదో వికాసం లాంటిది కనిపించింది గానీ, అది ఒప్పందంలో లేదు కాబట్టి ఎవరూ నమోదు చేయలేదు.

పదిహేనో రోజున ముగింపు సభకు మంత్రి గారు వస్తున్నారు. అప్పటికి షెడ్డులో తొడిమలు తీసే విద్యార్థి ఒక్కడూ లేడు. సరుకు నాలుగు రోజుల్లో వెళ్లాలి కాబట్టి, పనిలోకి తిరిగొచ్చిన ఆడవాళ్లను లేపడానికి వీల్లేదు. శేషాచలం గారు రాత్రంతా ఆలోచించి, నలభై టీషర్టులు, నలభై టోపీలు తెప్పించారు. ఆడవాళ్లు వాటిని చీరల మీదే తొడుక్కున్నారు.

ఇక సభలో ఊరివాళ్లు కావాలి. మగవాళ్లంతా మిర్చి యార్డుకు బస్తాలు మోయడానికి వెళ్లారు. అంచేత విద్యార్థుల్ని కాలేజీ బస్సులో తెప్పించి, ఆడపిల్లలకు చీరలు కట్టించి, మగపిల్లల భుజాల మీద తువ్వాళ్లు వేయించి ముందు వరసల్లో కూర్చోబెట్టారు. నన్ను మాత్రం మార్చలేదు. ఏ వేషమూ వేయకుండానే ఊరివాడిలా ఉన్నానన్నారు.

మంత్రి గారు షెడ్డులోకి అడుగు పెట్టి నలభై జతల చేతుల వేగం చూసి నిలబడిపోయారు.

“అద్భుతం. పదిహేను రోజుల్లో ఇంత ట్రైనింగా?” అని కనకలక్ష్మి దగ్గర ఆగారు. “ఏ ఇయరమ్మా?”

“ముప్పై ఏళ్లయిందయ్యా.”

“సిన్సియర్ స్టూడెంట్,” అన్నారాయన శేషాచలం గారితో.

తర్వాత షెడ్డు గుమ్మానికి ఎదురుగానే వేసిన సభలోకి వచ్చి ఊరివాళ్లను పలకరించారు. చీర కట్టుకుని మొదటి వరసలో ఉన్న రచన దగ్గర మైకు పెట్టారు.

“చెప్పమ్మా. విద్యార్థులొచ్చాక మీ ఊరికి ఏం ఒరిగింది?”

రచన శేషాచలం గారి వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు.

“బోరింగు బాగైందండి,” అంది.

“ఎవరు బాగు చేయించారు?”

“ఆవిడండి,” అని షెడ్డు లోపల టీషర్టులో ఉన్న కనకలక్ష్మిని చూపించింది.

మంత్రి గారు చలించిపోయారు. కనకలక్ష్మిని వేదిక మీదికి పిలిపించి జిల్లా ఉత్తమ విద్యార్థిగా ప్రకటించారు. శాలువా కప్పారు. దిగి వస్తూ ఆవిడ నన్ను అడిగింది, “ఇది ఉతికితే రంగు పోద్దా బాబూ?” అని.

అంతటితో అయిపోయిందనుకున్నాం. మంత్రి గారి వెంట వచ్చిన అధికారి ఊరివాళ్ల స్థితిగతుల మీద రిపోర్టు పంపారట. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సభలో కూర్చున్న ఎనభై మంది గుడ్లపాడు గ్రామస్తులకు వెంటనే అక్షరాస్యత కల్పించాలి. నేర్పే బాధ్యత ఉత్తమ విద్యార్థి కనకలక్ష్మికి అప్పగించాలి. ఆ కాగితం పట్టుకుని ఆవిడ లైబ్రరీకి వచ్చింది. చదివి వినిపించాను.

“నాకు అ, ఆ రావు కదా బాబూ,” అంది.

ప్రభుత్వ ఉత్తర్వు కాదనడానికి లేదని శేషాచలం గారు తేల్చారు. సీజను అయిపోయింది కాబట్టి రోజూ సాయంత్రం కనకలక్ష్మి లైబ్రరీకి వచ్చి నలభై రోజులు కూర్చుంది. ఎనభై మంది డిగ్రీ విద్యార్థులు వంతులవారీగా వచ్చి, ఆవిడ దగ్గర చదువు నేర్చుకున్నట్టు రిజిస్టరులో సంతకాలు పెట్టి వెళ్లారు. రచన మాత్రం పలక తెచ్చి ఆవిడ పక్కన కూర్చునేది. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో నేను పట్టించుకోలేదు. లైబ్రరీలో మాట్లాడకూడదు.

తనిఖీ అధికారి వచ్చి రిజిస్టరు తిరగేసి ముగ్ధుడైపోయాడు.

“నలభై రోజుల్లో ఇంగ్లీషులో సంతకాలా?”

అన్ని పేజీల కిందా నేర్పినవారి గడిలో వేలిముద్ర ఉంది. ముద్ర అంటే, నీలం మచ్చ. గీతలు లేవు.

“ఇవి సరిగ్గా పడలేదండీ. మళ్లీ వేయించండి,” అన్నాడు.

కనకలక్ష్మి అక్కడే ఉంది. బొటనవేలు చూపించింది. నున్నగా ఉంది.

“ఎన్నిసార్లు ఏయించినా అంతేనయ్యా. గీతలన్నీ తొడిమలతోనే పోయినయ్.”

అధికారి ఆ వేలి వంక చూశాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి రిజిస్టరు చివర రాశాడు: గ్రామస్తుల ప్రగతి సంతృప్తికరం. బోధకురాలి చేతిరాత మెరుగుపడాలి.