డిమీన్ అను క్రియకు ప్రత్యక్ష నిరూపణ

ఇంగ్లీషు–తెలుగు మహానిఘంటువు డి సంపుటం తొమ్మిదేళ్ళలోనే పూర్తయిందని ప్రజలకు తెలియజేయడానికి నిఘంటు కార్యాలయం సంతోషిస్తున్నది. ఒక్క మాట మాత్రం మిగిలింది. ఆ మాట డిమీన్.

మిగిలిపోవడం ఎవరి తప్పూ కాదు. నియమావళి ప్రకారం ప్రతి క్రియాపదాన్నీ కార్యాలయంలోనే ఎవరో ఒకరు చేసి చూపించాలి. అధ్యక్షులవారు కళ్ళారా చూసి సంతకం పెట్టాలి. అప్పుడే అచ్చు. డాన్స్ కోసం కార్యదర్శిగారు బల్లెక్కి గంతులు వేశారు. డిగ్ కోసం కింద వరండాలో నిలువులోతు గొయ్యి తవ్వారు. దాన్ని పూడ్చాలంటే ఫిల్ రావాలి, అది ఎఫ్ సంపుటంలో ఉంది. ఈలోగా ఇద్దరు గుమాస్తాలు అందులో పడ్డారు. పడటం కూడా ఎఫ్‌లోదే కనుక ఆ వివరాలు జాగ్రత్తగా దాచి ఉంచారు. డై దగ్గర ఎవరూ ముందుకు రాకపోవడంతో, సిబ్బందిలో అంకితభావం తగ్గిందని అధ్యక్షులవారు నొచ్చుకుని, "పరిశీలనలో ఉన్నది" అని రాసి దాటించారు.

ఈ మాటలన్నిటికీ అర్థాలు రాసింది ఒకే మనిషి. హోదా సహాయ సంపాదకుడు. అందరూ పిలిచేది అర్థాలాయన అని. ఇరవై ఏడేళ్ళ సర్వీసు. నెలాఖరుకు రిటైరవుతాడు. డి సంపుటం ముఖపత్రం మీద, అట్టడుగున, చీమతలకాయంత అక్షరాల్లోనైనా ఆయన పేరు వేయిస్తామని అధ్యక్షులవారు ఏనాడో మాటిచ్చారు. ఆ సంగతి అర్థాలాయన భార్య తన అక్కచెల్లెళ్ళకే కాక, పాలు పోసే ఆమెకు కూడా చెప్పేసింది. కాబట్టి డిమీన్ నెలాఖరులోగా తేలాలి.

నిరూపణ సభ ఉదయం పదింటికి మొదలైంది. అర్థాలాయన నిలబడి పుట్టుపూర్వోత్తరాలు చదివాడు. "పూర్వం ఈ మాటకి నడుచుకోవడం అనే అర్థమండి. మంచీ లేదు, చెడ్డా లేదు. తరవాత ఇంగ్లీషులోనే నీచం అనే అర్థమున్న మాటతో కలగలిసి, కించపరచడం, స్థాయి తగ్గించడం అనే అర్థం వచ్చింది."

"అంటే బుద్ధిగా నడుచుకునే మాట చెడు సావాసం పట్టి పాడైపోయిందన్నమాట," అన్నారు అధ్యక్షులవారు.

"అచ్చం మా బావమరిదిలాగేనండి," అన్నారు కార్యదర్శిగారు.

"సరే, ఎవర్ని కించపరుద్దాం?"

అందరూ అర్థాలాయన వైపు చూశారు. ఆయన అప్పటికే చెయ్యెత్తి ఉన్నాడు. ముఖపత్రం ఆయన కళ్ళముందు కనిపిస్తోంది మరి.

కార్యదర్శిగారు పనిలోకి దిగారు. ముందుగా అర్థాలాయన రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి నేలమీద వేశారు. తర్వాత "ఏయ్, ఇలా రా" అని పిలిచారు. మూడంతస్తులు దింపి టీ తెప్పించారు. చక్కెర తక్కువైందని మళ్ళీ దింపారు. ఆయన రాసిన ముందుమాటను తాను రాసినట్టుగా గట్టిగా చదివారు. ఒక్కోదాని తర్వాత ఆగి, "ఇప్పుడేమైనా స్థాయి తగ్గినట్టుందా?" అని ఆప్యాయంగా అడిగారు.

అర్థాలాయన నిజాయితీపరుడు. కళ్ళు మూసుకుని లోపలంతా వెతుక్కుని, "లేదండి. ఇది రోజూ ఉన్నదేనండి," అన్నాడు దిగులుగా.

"దున్నపోతు మీద వాన కురిసినట్టుందండీ! నేను మాత్రం ఎంతకని కష్టపడను?" అన్నారు కార్యదర్శిగారు చెమట తుడుచుకుంటూ.

పన్నెండింటికి అధ్యక్షులవారు విచారంగా తీర్మానం చెప్పసాగారు. "మన కార్యాలయంలో ఈ క్రియ జరగడానికి వీల్లేదని తేలింది. ఇది మనందరికీ గర్వకారణం. పదాన్ని తొలగించి, సంపుటాన్ని వచ్చే ఏటికి..."

వచ్చే ఏడు అనే మాట వినగానే అర్థాలాయన నిలబడలేకపోయాడు. అసలే మూడంతస్తులు రెండుసార్లు దిగి ఎక్కిన మోకాళ్ళు. అధ్యక్షులవారి పక్కన ఫైళ్ళు పెట్టుకునే కుర్చీ ఉంది. ఆయన అందులో కూలబడ్డాడు.

అధ్యక్షులవారు తేలు కుట్టినట్టు లేచారు. ముఖం కందగడ్డయింది. "నా ఎదురుగా! నా పక్కన! నేనుండగా కూర్చుంటావా? నా పరువేం కాను? నా స్థాయేం కాను?"

"అయ్యా!" అని అర్థాలాయన ఆనందంతో కేకేశాడు. "అదేనండి! సరిగ్గా అదేనండి అర్థం!"

కార్యదర్శిగారు వేళ నమోదు చేశారు. అధ్యక్షులవారు అంత కోపంలోనూ విధి మరవకుండా సంతకం పెట్టారు.

సంపుటం సకాలంలో వెలువడింది. అధ్యక్షులను డిమీన్ చేసిన వ్యక్తి పేరు ముఖపత్రం మీద ఉంటే అది మరోసారి డిమీన్ చేయడమే అవుతుందనీ, ఆ పదానికి ఇప్పుడు ఆమోదిత అర్థం ఉన్నదనీ చెప్పి ఆయన పేరు తీసేశారు. ఉదాహరణల్లో పేర్లు వాడరాదన్న నియమం ఉండనే ఉంది.

అర్థాలాయన పుస్తకం ఇంటికి తెచ్చి, భార్యకు ముఖపత్రం చూపకుండా తిన్నగా ఆ పేజీయే తెరిచాడు. ఆమె వేలు పెట్టి చదివింది: "డిమీన్: కించపరచు. ఉదా: సహాయ సంపాదకుడు కుర్చీలో కూర్చుని అధ్యక్షులవారిని కించపరిచెను."

"ఇదేనా మీ పేరు?"

"పేరు కాదు. నేను చేసిన పని."

ఆమె పుస్తకం మూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఏమండీ, ఇరవై ఏడేళ్ళూ అక్కడ నించునే ఉన్నారా?"

"అబ్బే, కూర్చునేవాణ్ణి. ఆయన లేనప్పుడు."

ఆమె గబగబా కుర్చీ తెచ్చి ఆయన ముందు వేసింది. అప్పుడు, ఆ వంటింటి గుమ్మంలో, అర్థాలాయనకు సిగ్గు వేసింది. ఇరవై ఏడేళ్ళ సిగ్గు ఒక్కసారే వేసింది. ఆ మాటకు అర్థం ఆయనకు తెలిసింది. అయితే ఇది కార్యాలయం బయట జరిగింది కాబట్టి నమోదు కాలేదు.

నియమావళి ప్రకారం సంపుటంపై ఆరు నెలలపాటు పాఠకుల అభ్యంతరాలు ఆహ్వానించారు. నాలుగు వందల పన్నెండు ఉత్తరాలు వచ్చాయి. కాగితం పలచనన్నారు, అట్ట ఊడుతోందన్నారు, డై విషయం త్వరగా తేల్చమన్నారు. డిమీన్ కింద ఇచ్చిన ఉదాహరణ తప్పని మాత్రం ఎవరూ రాయలేదు. మీ ఉత్తరం కోసం కూడా వెతికాం, లేదు.