నాగమ్మ పొయ్యి మీద కార్బన్ ట్యాక్స్

పాఠక మహాశయులారా, మనలాంటి అభివృద్ధి చెందుతున్న దేశానికి పొగ వదిలేవాళ్ల మీద వేసే కార్బన్ ట్యాక్స్ అంత చల్లని పన్ను మరొకటి లేదు! నమ్మరా? అయితే 2007లో కె.ఆర్.పురం దగ్గర ఒక లేఔట్‌లో చెన్నరాయప్ప దాన్ని ఎలా అమలు చేశాడో వినండి.

చెన్నరాయప్ప ఆ లేఔట్ సంఘానికి అధ్యక్షుడు. భూమి వేడెక్కుతోందని టీవీలో చూసినప్పటి నుంచి ఆయనకు కుదురు లేదు. దేశం ఎప్పుడో వేస్తుంది, మనం ముందే వేసేద్దామని ఆదివారం మీటింగ్ పెట్టాడు. మీటింగుకు నాగమ్మ వేడివేడి బోండాలు పంపింది. వీధి మూల మీద కట్టెల పొయ్యి పెట్టుకుని టిఫిన్ అమ్ముకునే మనిషి ఆమె. ఆ పొయ్యే ఆమెకు బతుకుతెరువు.

బోండాలు తింటూ పన్ను డిజైన్ చేశారు. కార్ల మీద వేద్దామా? అయ్యో, అవి ఆఫీసుకు వెళ్లే కార్లు, దేశాభివృద్ధి ఆగిపోదూ! జనరేటర్ల మీద? కరెంటు పోవడం మన తప్పా! చెన్నరాయప్ప పాత డీజిల్ జీపు మీద? అది మామగారు ఇచ్చింది, సెంటిమెంటు! ఇక మిగిలినవాటిని కొలవడానికి మెషీన్ లేదు కాబట్టి, కంటికి కనిపించే పొగకే పన్నని తీర్మానించారు. కిటికీలోంచి చూస్తే నాగమ్మ పొయ్యి కనిపించింది.

అభివృద్ధి చెందుతున్న దేశంలో ఈ మాత్రం భారం అభివృద్ధి చెందనివాళ్లు మోయకపోతే ఎవరు మోస్తారండీ?

"బోండాలు పంపినందుకా అప్పా నాకీ పన్ను?" అంది నాగమ్మ.

"పొగకమ్మా! గ్యాస్ పొయ్యి పెట్టుకో, పన్నుండదు."

"కనెక్షన్ నువ్విప్పిస్తావా?"

అది సంఘం పరిధిలోకి రాదని చెన్నరాయప్ప వివరించాడు. ఆమె ముఖం చూస్తే మనసు చివుక్కుమంది గానీ, భూగోళం కోసం ఓర్చుకున్నాడు.

నాగమ్మ పొయ్యి ఎత్తేసి దూరంగా హొసకోటె రోడ్డుకు వెళ్లిపోయింది. లేఔట్‌లో పొగ మాయం! ఏ దేశమైనా ఇంత తొందరగా ఫలితం చూపించిందా?

ఒక్కటే చిక్కు. ఆ బోండా పడనిదే చెన్నరాయప్పకు తెల్లవారినట్టుండదు. వారం తిరక్కుండానే జీపు తీశాడు. వెళ్లి చూస్తే సంఘం సభ్యులంతా ఎవరి కారులో వాళ్లు అక్కడే ఉన్నారు! ఆపితే ఏసీ పోతుందని ఎవరూ ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ స్టార్టు కాదని ఆయనా జీపు ఆపలేదు.

దిగి, ఆశగా ప్లేటు కోసం చెయ్యి చాచాడు. నాగమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గింది.

"ముందు ఆ బండి ఆపప్పా! మీ పొగకు పొయ్యి కాడ ఊపిరాడకుండా ఉండాది."