గాలిలో నిలిచిన పాదం

“గురువు అనే మధ్యవర్తిని తొలగించి, విద్యను నేరుగా విద్యార్థికే అందజేస్తున్నాం” అని సాంస్కృతిక శాఖామాత్యులు జీవరత్నం గారు 2005లో బెజవాడ సభలో ప్రకటించారు. ధాన్యం కొనుగోళ్లలో దళారులను తొలగిస్తానని అంతకుముందే హామీ ఇచ్చి ఉన్నారు గనుక, ఆయన దృష్టి కూచిపూడి నాట్యం మీదికి మళ్లడం సహజ పరిణామమే.

ప్రభుత్వ నృత్య పాఠశాల ఉపాధ్యాయిని సంపూర్ణమ్మ గారు ముందు వరుసలో కూర్చుని ఆ మాట విన్నారు. ఇందుకోసం తయారుచేసిన ఆన్‌లైన్ కోర్సుకు నాట్యం చేసి చూపించింది ఆవిడే. ఒక మధ్యాహ్నమంతా కెమెరా ముందు ఆడించి, శాలువా కప్పి, “ఇక మీరు రానక్కర్లేదండీ, కంప్యూటర్లో ఉన్నారుగా” అన్నారు శాఖ డైరెక్టరు గారు, ఎంతో మర్యాదగా. మొదటి బ్యాచి ప్రదర్శన బాగుంటే ఆవిడ ఉద్యోగం రద్దు.

“మరి పిల్లలకి తప్పులెవరు దిద్దుతారండీ?”

“తప్పులేని పాఠం పెట్టాం కదమ్మా, తప్పెలా వస్తుంది?”



వన్ టౌన్ నెట్ సెంటర్లలో కూర్చుని నేర్చుకున్న ముప్ఫై మంది ఆడపిల్లలు ప్రదర్శన నాడు వేదిక ఎక్కారు. మొదటి రెండు జతులూ ముచ్చటగా సాగాయి. మూడో జతిలో అందరి కుడికాళ్లూ ఒక్కసారిగా లేచి, గాలిలోనే ఆగిపోయాయి. మృదంగం మోగుతూనే ఉంది. ఒక్క పాదమూ దిగలేదు.

“ఏవిటయ్యా ఇది?” అన్నారు మంత్రిగారు.

“నిశ్చల భంగిమండి సార్. చాలా ప్రాచీనం” అన్నారు డైరెక్టరు గారు.

సంపూర్ణమ్మ గారికి సంగతి తెలుసు. ఒకసారి నెట్ సెంటరుకు వెళ్లి తన పాఠం తానే చూసుకున్నారు. సరిగ్గా అక్కడే కంప్యూటరు ఇరుక్కుంటుంది. ఆవిడ బొమ్మ కాలెత్తుకుని నిలబడిపోతుంది. పిల్లలు అదీ శ్రద్ధగా నేర్చుకున్నారు.

కాసేపటికి పాదాలు దిగాయి. పిల్లలందరూ ఎడమకు తిరిగి, నడుం మీద చెయ్యి వేసి, ఒక్క గొంతుతో అన్నారు: “ఆ ఫ్యాను కాస్త కట్టు నాయనా, పైట ఎగిరి చస్తోంది!”

ఎవరో భయపడి హాల్లో ఫ్యాన్లన్నీ కట్టేశారు. మంత్రిగారు చప్పట్లు కొట్టారు. “అభినయమంటే ఇదీ!”

సంపూర్ణమ్మ గారు ఉండబట్టలేక లేచారు. “ఆపండే పిల్లల్లారా! అది పాఠం కాదు, కెమెరా అబ్బాయిని నేను కసిరిన మాట!”

“ఎవరావిడ?”

“కంప్యూటర్లో ఉన్నావిడేనండి సార్.”

“మరి బయటికెందుకొచ్చింది?”

అయినా మంత్రిగారు దయామయులు. ఆవిడ ఉద్యోగం తీసేయలేదు. ఆన్‌లైన్ కోర్సు పరీక్ష పాసైతే చాలునన్నారు. పరీక్షాధికారిగా మొదటి బ్యాచిలో ప్రథమురాలు రామతులసిని నియమించారు.

పరీక్ష నాడు సంపూర్ణమ్మ గారు మూడో జతిలో తాళానికి సరిగ్గా పాదం దించారు. రామతులసి కలం ఆగింది.

“టీచర్ గారూ, అక్కడ కాలు దించకూడదండీ” అంది, నొచ్చుకుంటూ. “మార్కులు పోతాయి.”

సంపూర్ణమ్మ గారు ఆ పిల్ల ముఖం చూశారు. ఇంకా మిగిలి ఉన్న సర్వీసూ గుర్తొచ్చింది. మళ్లీ కాలెత్తి నిలబడ్డారు.

“ఎంతసేపే తల్లీ?”

“నేనెదురుగానే ఉన్నానుగా టీచర్ గారూ. చెప్పినప్పుడు దించుదురుగాని.”