మంత్రి బలి, టేబుల్ ఫ్యాను విజయం

ప్రచండ మార్తాండుడు మధ్యాహ్న సింహాసనమధిష్ఠించి రేకుల కప్పు మీద అగ్నిశరపరంపరను కురిపిస్తున్న వేళ, బస్టాండు వెనక సందులోని దర్జీకొట్టులో, సగం కోసిన పాంటు గుడ్డను పక్కకు నెట్టి కత్తిరింపు బల్ల మీద పరిచిన చదరంగ రణభూమిలో జరిగిన మహాసంగ్రామాన్ని చెబుతాను, వినండి. మధ్యలో లేచిపోయేవాళ్ళు ఇప్పుడే వెళ్ళిపోండి.

ఆ కొట్టుకు ఉన్నది ఒకే టేబుల్ ఫ్యాను, అదీ మెడ తిరగనిది. పత్రికలో వారానికోసారి వచ్చే చదరంగం చిక్కును ముందు విప్పినవాడికే ఆ వారమంతా గాలి అన్నది అక్కడి శాసనం. కొట్టు యజమాని, కర్తరీధురంధరుడు, అంగుళమాత్ర వస్త్రఖండాన్నైనా పారవేయని పొదుపుచక్రవర్తి అయిన దర్జీ ఇంతవరకు ఒక్కసారీ గెలవలేదు. గెలిచేది ఎప్పుడూ ఆయన బావమరిది, అదే కొట్టులో ఓ మూల ఇస్త్రీ చేసే యువవీరుడు. సొంత కొట్టులో సొంత ఫ్యాను వీపు చూస్తూ చెమటలు కక్కడం ఎంత అవమానమో, పాపం, ఆయనకే తెలుసు.

ఆనాటి సమస్య ఇది: తెల్ల పావులు రెండెత్తుల్లో ఆట కట్టించాలి. నల్లరాజు తన బంట్లనే ప్రాకారంగా కట్టుకుని మూలగడిలో నక్కి ఉన్నాడు.

“తట్టిందా బావా? నాకైతే ఈసారి బుర్ర వేడెక్కిపోతోంది,” అన్నాడు బావమరిది, గాలికి కాలరు ఎగరేసుకుంటూ.

“నీకు వేడేంట్రా? గాలంతా నీదేగా.”

“ఏమండీ, మాస్టారి చొక్కా సాయంత్రానికి ఇస్తానన్నారు,” అంది గుండీలు కుడుతున్న ఇల్లాలు. దర్జీ వీరుడు వినలేదు. విని ఉంటే ఈ గాథే లేదు.

గుర్రాన్ని దూకిస్తే నల్ల ఏనుగు తొక్కేసింది. ఇక మిగిలింది ఒక్కటే ఎత్తు: మంత్రిని తీసుకెళ్ళి శత్రురాజు పక్కనే నిలబెట్టడం. నిలబెడితే ఏనుగు చేతిలో చావు ఖాయం. పీలికలు కూడా దాచుకునే ఆ చెయ్యి మంత్రి మీదే ఆగిపోయింది. అప్పుడా మహానుభావుడు మనసులోనే ఇలా ఎలుగెత్తాడు:

“ఓ ధవళసచివోత్తమా! నిండు తాను కోయనిదే చొక్కా పుట్టదని ఎరిగిన ఈ హస్తము నిన్ను కోల్పోవుటకేల వెరవవలె? పొమ్ము! పగవాని ఏనుగునకు స్థానభ్రంశమొనర్చి వీరస్వర్గమలంకరింపుము!”

మంత్రి వెళ్ళి నిలిచాడు. గుర్రం కాపలా ఉంది కాబట్టి రాజు అతణ్ణి ముట్టుకోలేడు. ఏనుగే వచ్చి చంపింది, చంపి రాజుకున్న ఒకే ఒక్క దారికి అడ్డంగా నిలిచింది. అంతవరకు ఏనుగు కాపలా కాసిన గడిలోకి గుర్రం దూకి రాజుకు గురిపెట్టింది. కదలడానికి రాజుకు చోటు లేదు, చుట్టూ తన వాళ్ళే.

“కట్టు,” అన్నాడు దర్జీ. మెల్లగానే అన్నాడు.

బావమరిది ఇస్త్రీపెట్టె నిలబెట్టి వచ్చి బల్లను చాలాసేపు చూశాడు. “మంత్రినే ఇచ్చేశావా? నువ్వా బావా?”

“ఇచ్చేశాను.”

“అక్కా, విన్నావా? బావ మంత్రిని వదిలేశాడు.”

“ఆ చేత్తోనే నా మిషనుకు కొత్త బెల్టు కూడా కొనెయ్యమను,” అంది ఇల్లాలు, దారం కొరుకుతూ.

బావమరిది ఫ్యానును ఎత్తి విజేత వైపు తిప్పి పెట్టాడు. పెట్టగానే కొలతల కాగితాలు కొట్టంతా ఎగిరాయి, మాస్టారి చొక్కాగుడ్డ తెరచాపలా లేచింది.

“కొంచెం అటు తిప్పనా బావా? గుడ్డ నిలవట్లేదు.”

“ఉండనీ.”

అది చక్రవర్తి ఆజ్ఞ. ఒక చేత్తో గుడ్డను, రెండో చేత్తో కాగితాలను అదిమిపట్టి, కత్తెర పట్టడానికి చెయ్యి మిగలక, ఆ విజయసార్వభౌముడు సాయంత్రం దాకా ఒక్క చొక్కా కూడా కోయలేదు. చెమట మాత్రం, జనులారా, పూర్తిగా ఆరిపోయింది.