గాలి చొరబడని డబ్బాలు

మానవజాతి సాధించిన అత్యున్నత విజయం గాలి చొరబడని డబ్బా అని మా హెడ్మిస్ట్రెస్ గారు ప్రకటించారు. స్కూల్లో కాదు, వాళ్లింటి హాల్లో, ఆదివారం సాయంత్రం, సోఫాలో నిటారుగా కూర్చుని. టీచర్లమంతా కుర్చీల్లో సర్దుకుని, మానవజాతి తరఫున తలలూపాం.

"ఇది అమ్మకం కాదు. మనలో మనం సరదాగా కలుసుకుంటున్నాం, అంతే" అన్నారావిడ. ఆ సరదాకి రాని డ్రిల్లు టీచరు గురించి మాత్రం రెండుసార్లు ఆరా తీశారు.

నా సంగతి చెప్పాలి. నేను టెంపరరీ టీచర్ని. నెలాఖర్లో నన్ను పర్మనెంటు చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆవిడే. ఇంట్లో మా ఆయనేమో, "ఇంకో డబ్బా తెచ్చావంటే మనం వరండాలో పడుకోవాలి" అని చెప్పి మరీ పంపారు. వంటగదిలో నిజంగానే చోటు లేదు. పాత సరదాల్లో కొన్న డబ్బాల్లో ఏం పోయాలో తోచక, ఒకదాంట్లో ఒకటి పెట్టి దాచాను.

ఆవిడ డబ్బాలో నీళ్లు పోసి, మూత బిగించి బోర్లించారు. చుక్క కారలేదు. చప్పట్లు కొట్టాం. సైన్సు టీచరైతే కళ్లు తుడుచుకుంది.

"నీకు రెండు చాలా అమ్మా, మూడు కావాలా?" అని ఆవిడ నన్ను ప్రేమగా అడిగారు. ఆ ప్రశ్నలో సున్నాకి చోటు లేదు.

నేను నోరు తెరిచేలోపు లెక్కల టీచరు లేచి నిలబడింది.

"నాకు అక్కర్లేదండీ. వీళ్లకీ అక్కర్లేదు. మీకు భయపడి చెప్పట్లేదు."

అంతమాట అనొచ్చని మాలో ఎవరికీ తెలియదు. "నాక్కూడా..." అని సైన్సు టీచరు గొణిగింది. నేనూ అనేశాను. ఒళ్లంతా తేలికైపోయింది.

"రండి, మా ఇంట్లో టీ తాగి వెళ్దురుగాని" అంది లెక్కల టీచరు. ఊరేగింపులా బయల్దేరాం. దారి పొడుగునా దోపిడీ గురించి, ఆత్మాభిమానం గురించి మాట్లాడుకున్నాం. ఎక్కువ నేనే మాట్లాడాను.

వాళ్ల హాల్లో కుర్చీలు ముందే వేసి ఉన్నాయి. బల్ల మీద ముఖానికి రాసుకునే క్రీము సీసాలు బారులు తీరాయి.

"ఇది వ్యాపారం అనుకోకండి. మీ చర్మం గురించి నాకున్న బెంగ" అంది లెక్కల టీచరు.

అంతలో హెడ్మిస్ట్రెస్ గారు ఆటో దిగి లోపలికొచ్చారు. పోట్లాటకే వచ్చారనుకుని నేను గుమ్మం వైపు జరిగాను. ఆవిడ తిన్నగా ముందు వరసలో కూర్చుని, చేతికందినన్ని సీసాలు తీసుకుని, ఒకటి అక్కడికక్కడే మొహానికి పట్టించారు. లెక్కల టీచరు భర్త స్కూళ్ల ఇన్‌స్పెక్టరన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. హెడ్మిస్ట్రెస్ గారు సున్నం కొట్టినట్టున్న మొహంతో నావైపు తిరిగారు.

"ఇందాక నువ్వు డబ్బాలు వద్దన్నట్టు వినిపించింది. నేనే సరిగ్గా వినలేదేమో?"

"మూడు కావాలన్నానండీ" అన్నాను. క్రీములూ తీసుకున్నాను.

నెలాఖరుకి పర్మనెంటు అయ్యాను. ఆ కాగితం చూసి నిజంగానే ఏడ్చేశాను. ఇక నన్ను ఎవరూ ఊరికే తీసెయ్యలేరు. పైగా నా క్లాసుకి ఒక ఆయానిచ్చారు. పాపం, తను ఇంకా టెంపరరీయే. పని ఎలా చేస్తోందో పైకి రాసి పంపాల్సింది నేనే.

ఆ ఆదివారమే ఆమెని టీకి పిలిచాను. నాతో సమానంగా కుర్చీలో కూర్చోబెట్టాను. మా ఇంట్లో హోదాల పట్టింపు లేదు. డబ్బాలూ క్రీములూ ముందు పెట్టి, "నీ మంచికోరి చెప్తున్నా. తర్వాత నువ్వూ నీవాళ్లని పిలిచి ఇలాగే ఇచ్చుకోవచ్చు" అన్నాను.

ఆయా ఒక డబ్బా మూత తీసి చూసి, మళ్లీ పెట్టింది. కాదనలేదు.

"అలాగే తీసుకుంటానమ్మా. కానీ నన్ను చూసి భయపడేవాళ్లు ఎవరూ లేరు కదా, నేనెవర్ని పిలవాలి?" అంది.